ఖాళీ వీధిని పబ్లిక్ పార్కింగ్‌గా మార్చాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

బజారు ముందు రోడ్డు మీద కారు ఆపుదామంటే జానెడు చోటు ఉండదు. అదే బజారు వెనక సందులో మాత్రం కుక్కలు కాళ్లు చాపుకుని పడుకుంటాయి. అది చూసిన ఎవరికైనా వచ్చే ఆలోచనే మాకూ వచ్చింది: ఆ సందునే పార్కింగ్ చేసేస్తే పోలా? హైదరాబాద్‌లో మా కాలనీ సంఘం తరఫున ఈ పని మీద ఆఫీసుల చుట్టూ తిరిగిన వాళ్లలో నేనొకణ్ని. ఇప్పుడు పక్క కాలనీల వాళ్లు ఫోన్ చేసి అడిగినవే మళ్లీ అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇలా ఒకచోట రాస్తున్నాను. చట్టం సంగతులు చాలావరకు ఆంధ్రప్రదేశ్‌కీ వర్తిస్తాయి. తేడా ఉన్నచోట చెబుతాను.

ఏ వీధిని "పెద్దగా వాడని వీధి" అనుకోవాలి?

ముందు ఇక్కడే తప్పు జరుగుతుంది. మామూలు రోజు పదకొండు గంటలకు వెళ్లి చూస్తే ఏ సందైనా ఖాళీగానే ఉంటుంది. తెల్లవారుజామున పాల వ్యాను, ఆ తర్వాత చెత్త ఆటో, స్కూలు ఆటోలు, ఎండాకాలమైతే నీళ్ల ట్యాంకరు, వర్షాకాలంలో డ్రైనేజీ మిషను అన్నీ ఆ సందులోకే వస్తాయి. సంక్రాంతికి ముగ్గులు, వినాయక చవితికి మండపం, ఏడాదికి రెండో మూడో పెళ్లిళ్ల షామియానాలు కూడా అక్కడే. బండ్లు తిరగడం లేదంటే వీధిని ఎవరూ వాడటం లేదని కాదు.

మా మీటింగులో మొదటి అభ్యంతరం సందు చివరి ఇంట్లో ఉండే పెద్దావిడ దగ్గర్నుంచి వచ్చింది. "అంతా మంచిగనే ఉంది గానీ, రేపు నేను పోతే టెంటు యాడేస్తరు బిడ్డా?" అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. చిన్న ఇళ్లున్న సందుల్లో ఎవరైనా పోతే ఐస్‌బాక్సు పెట్టేది, కుర్చీలు వేసేది వీధిలోనే కదా. ఏ సర్వే ఫారంలోనూ దీనికి గడి లేదు. మీ సందులో ఇలాంటివి ఏమేం జరుగుతాయో ముందు రాసుకోండి, టేపు పట్టుకునేది ఆ తర్వాత.

సర్వే ఎలా చేయాలి? ఇంజినీర్లను పిలవాలా?

అక్కర్లేదు. ఒక నోటుబుక్కు, ఇద్దరు ఓపికున్న మనుషులు చాలు. ట్రాఫిక్ ఇంజినీర్లు చేసే పద్ధతి కూడా ఇంచుమించు ఇదే. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పది దాకా అరగంటకోసారి వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ, ఆగి ఉన్న ప్రతి బండి నంబరులో చివరి నాలుగంకెలు రాసుకోవాలి. మామూలు రోజు ఒకటి, శనివారమో ఆదివారమో ఒకటి, వీలైతే పండగ ముందు రోజు ఒకటి చేయాలి. సందులో ఒక్కటే చేస్తే లాభం లేదు. బజారు రోడ్డు మీదా అదే సమయానికి అదే లెక్క తీయాలి.

రాత్రికి నోటుబుక్కు ముందేసుకుంటే రెండు సంగతులు తేలతాయి. ఒక్కో చోటు రోజులో ఎన్ని గంటలు నిండి ఉందన్నది ఒకటి. ఆ చోటులో రోజు మొత్తం మీద ఎన్ని బండ్లు మారాయన్నది రెండోది. అసలు కథ ఈ రెండో అంకెలోనే ఉంటుంది.

బజారు రోడ్డు పేజీలు తిప్పుతుంటే మాకు ఒకటే వరస కనిపించింది. పొద్దున పదింటికి రాసిన నంబర్లే మధ్యాహ్నం రెండింటికి, అవే సాయంత్రం ఆరింటికి. ఒక తెల్ల కారు బానెట్ మీద వేపాకులు రాలి ఎండిపోయి ఉన్నాయి. అంటే అది పొద్దుటి నుంచే కాదు, రోజుల తరబడి కదలలేదు. ఆరా తీస్తే ఆ బండ్లలో ఎక్కువ భాగం కొనడానికి వచ్చినవాళ్లవి కాదు, షాపుల వాళ్లవీ, షాపుల్లో పనిచేసే వాళ్లవీ. "కస్టమర్లకు పార్కింగ్ లేదు సార్" అని మీటింగులో అందరికన్నా గట్టిగా అన్నాయన బండి కూడా ఆ పుస్తకంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంది. పేరు చెప్పను, ఇప్పుడు మంచి స్నేహితుడు.

మా వీధిలో ఎన్ని కార్లు పడతాయి?

కారుకు 5 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు చోటు అనుకుని లెక్కేస్తారు. వంద మీటర్ల పొడవున్న వీధిలో ఒక పక్కన రోడ్డు అంచు వెంబడి వరసగా పెడితే, ముందుకీ వెనక్కీ తిప్పుకునే జాగా కలుపుకుని ఒక్కో కారుకు 5.9 మీటర్లు పోతుంది. అంటే 16 కార్లు. 45 డిగ్రీల ఏటవాలుగా పెడితే 27, ముక్కు గోడకు ఆనేలా నిలువుగా పెడితే 40 పడతాయి.

నలభై అనగానే అందరి కళ్లూ మెరుస్తాయి. ఆగండి. నిలువుగా పెడితే కారే 5 మీటర్ల లోతు తినేస్తుంది. దాన్ని బయటికి తీయడానికి వెనక ఇంకో 6 మీటర్లు కావాలి. 40 అడుగుల రోడ్డంటే 12.2 మీటర్లు. అందులో 11 మీటర్లు పార్కింగ్‌కే పోతే నడిచేవాళ్లు గోడ ఎక్కాల్సిందే. ఏటవాలుగా పెడితే లోతు 5.3 మీటర్లు. 1.8 మీటర్ల ఫుట్‌పాత్ వదిలినా ఇంకా 5 మీటర్ల పైచిలుకు మిగులుతుంది. వీధిని వన్‌వే చేస్తే ఇది కుదురుతుంది. 30 అడుగుల రోడ్డులో మాత్రం ఒక పక్క వరస పార్కింగ్ తప్ప ఇంకోటి కుదరదు.

కాగితం మీది అంకె నేల మీద దక్కదు. ఇళ్ల గేట్లు, ట్రాన్స్‌ఫార్మరు, కరెంటు స్తంభాలు, మూల మలుపులు అన్నీ తీసేయాలి. మ్యాన్‌హోల్ మూత మీద స్లాట్ గీయనివ్వకండి. జూలైలో డ్రైనేజీ పొంగిన రోజు ఆ మూత మీద ఎవరిదో కారుంటుంది, తాళాలేమో ఆ మనిషితో పాటు అమీర్‌పేటలో ఉంటాయి.

బైకులు, స్కూటీల సంగతి వేరు. ఒక కారు చోటులో ఐదారు బండ్లు పడతాయి. మన బజార్లకు వచ్చేది ఎక్కువ వాళ్లే, కాబట్టి సందు మొదట్లోని చోటు వాళ్లకే ఇవ్వడం న్యాయం.

ఫైరింజన్ వస్తే?

ఈ ప్రశ్న అడగని కాలనీని చూడలేదు, అడగాలి కూడా. మన చట్టం ప్రకారం రోడ్డు మీద తిరిగే లారీ, బస్సు, ఫైరింజన్ లాంటివాటి వెడల్పు మామూలుగా 2.6 మీటర్లు దాటకూడదు. కానీ 2.6 మీటర్ల బండికి 2.6 మీటర్ల దారి చాలదు. తలుపులు తీయాలి, పైపులు లాగాలి, మలుపు తిరగాలి. 30 అడుగుల వీధిలో ఒక పక్క పార్కింగ్, ఒక ఫుట్‌పాత్ పోగా 4.8 మీటర్లు మిగులుతుంది, అది సరిపోతుంది. అదే వీధిలో రెండో పక్క కూడా గీతలు గీస్తే సరిపోదు. 20 అడుగుల సందును పార్కింగ్ చేయాలన్న ఆలోచనే మానుకోండి. సందు మలుపు దగ్గర రెండు పక్కలా కొంత మేర ఏ బండీ ఆగకుండా చూడాలి. పెద్ద బండి ఇరుక్కునేది అక్కడే.

అనుమతి ఎవరివ్వాలి?

మోటారు వాహనాల చట్టం 1988లోని 117వ సెక్షన్ ప్రకారం బండ్లు ఎక్కడ ఆపుకోవచ్చో నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం, లేదా ప్రభుత్వం అధికారం ఇచ్చిన సంస్థ. అదీ అక్కడి స్థానిక సంస్థతో సంప్రదించాకే. 2019 సవరణలో ఇంకో మాట చేర్చారు: చోటు నిర్ణయించేటప్పుడు రోడ్డు వాడేవాళ్ల భద్రతకూ, ట్రాఫిక్ సాఫీగా సాగడానికీ మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. ఎవరైనా పైరవీ చేసి స్కూలు గేటు ముందు స్లాట్లు గీయిస్తే మీకు ఈ మాట పనికొస్తుంది.

ఆచరణలో మీరు తిరగాల్సింది రెండు చోట్ల. రోడ్డు మున్సిపల్ కార్పొరేషన్‌ది, బండ్ల రాకపోకలు ట్రాఫిక్ పోలీసులవి. ఒకరి దగ్గరికి వెళ్తే ముందు రెండోవారి కాగితం తెమ్మంటారు. మేం ఇద్దరికీ ఒకే రోజు ఒకే అర్జీ ఇచ్చి, రెండింటి మీదా రిసీవ్డ్ ముద్ర వేయించుకున్నాం. తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తే అర్జీకి ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు లేకపోతే మీ కాగితం ఏ బల్ల కింద ఉందో ఎవరూ చెప్పలేరు. అర్జీతో పాటు నోటుబుక్కు లెక్క, చేత్తో గీసిన వీధి పటం, ఆ వీధిలో ఇళ్లున్నవాళ్ల సంతకాలు జతచేయండి. బజారువాళ్ల సంతకాలు వంద ఉన్నా వీధివాళ్లవి పది లేకపోతే పని జరగదు.

ఇంకో మెలిక ఉంది. ఆ వీధి నిజంగా కార్పొరేషన్‌కు అప్పగించిన రోడ్డేనా అన్నది చూసుకోవాలి. పాత లేఅవుట్లలో కొన్ని సందులు కాగితాల మీద ఇంకా ఎవరి పేరునో ఉంటాయి. 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి.

కాలనీ సంఘమే గీతలు గీసి, డబ్బులు వసూలు చేసుకోవచ్చా?

కుదరదు. ఉద్దేశం ఎంత మంచిదైనా ప్రభుత్వ రోడ్డు మీద ప్రైవేటు వసూలు అవుతుంది.

ఫ్రీగా పెట్టొచ్చు కదా, డబ్బులెందుకు?

ఉన్న గొడవంతా ఈ ప్రశ్న దగ్గరే. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఉచితం చేసేటట్లయితే అసలు మార్చొద్దు. ఉచితమైతే పొద్దున పదింటికి షాపు తీసేవాళ్ల బండ్లు వచ్చి నిండిపోతాయి, రాత్రి పదింటిదాకా కదలవు. పదకొండింటికి చీర కొనడానికి వచ్చినావిడకు మళ్లీ చోటుండదు. సందు పోతుంది, సమస్య అలాగే ఉంటుంది.

ఇది మన ఊళ్లోనే పుట్టిన జబ్బు కాదు. ప్రపంచంలో మొదటి పార్కింగ్ మీటరు 1935 జూలైలో అమెరికాలోని ఓక్లహామా సిటీలో పెట్టారు. కారణం అచ్చం మన బజారు కారణమే. అక్కడ పనిచేసేవాళ్ల కార్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా షాపుల ముందే ఉండిపోతే కొనేవాళ్లకు చోటు దొరకలేదు. గంటకు ఐదు సెంట్లు పెట్టగానే ఊరకే పెట్టుకునే బండ్లు కదిలాయి. అక్కడ అమ్మింది చోటు కాదు, టైము. మన దగ్గర గీతలు గీసేశాక టైము సంగతి మర్చిపోతారు.

రేటు ఎంత ఉండాలి?

అది కార్పొరేషన్ నిర్ణయిస్తుంది. మీరు అడగాల్సింది రోజు రేటు వద్దు, గంట రేటు కావాలని. "రోజంతా ఇరవై రూపాయలు" అన్నారంటే మళ్లీ షాపువాళ్ల బండ్లకే రాసిచ్చినట్టు. రెండో గంట మొదటి గంట కన్నా ఎక్కువుండాలి, మూడోది ఇంకా ఎక్కువ. ఎప్పుడు వెళ్లినా ఒకటి రెండు స్లాట్లు ఖాళీ కనిపిస్తే రేటు సరిగ్గా ఉన్నట్టు. ఎప్పుడూ నిండి ఉంటే తక్కువైనట్టు, ఎప్పుడూ ఖాళీగా ఉంటే ఎక్కువైనట్టు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం కూడా పార్కింగ్ ఫీజు ఆ బండి ఆక్రమించిన నేల విలువకు తగ్గట్టు ఉండాలనే చెప్పింది. మన నగరాల్లో గజం ధర తెలిసినవాళ్లకు ఇది ఎంత దూరంలో ఉందో విడమర్చి చెప్పక్కర్లేదు.

మాల్‌లో మొదటి అరగంట ఫ్రీ అని జీవో ఉంది కదా?

ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2018 మార్చి 20న ఇచ్చిన జీవో 63. మాల్స్, మల్టీప్లెక్సులు, వాణిజ్య భవనాల్లో మొదటి అరగంట అందరికీ ఉచితం. అరగంట నుంచి గంట దాకా ఎంత చిన్న బిల్లు చూపించినా ఉచితం. గంట దాటితే పార్కింగ్ ఫీజు కన్నా ఎక్కువ మొత్తానికి బిల్లో సినిమా టికెట్టో ఉండాలి. కానీ అది ఆ భవనాల సొంత పార్కింగ్‌కు పెట్టిన నిబంధన. వీధిలో స్లాట్లకు దాన్ని చూపించి వాదిస్తే నిలవదు.

మా ఇంటి ముందు పరాయి కార్లు పెడతారా? ఆ చోటు మాది కాదా?

కాంపౌండు గోడ దాకే మీది. గోడ బయట నాపరాయి పాతినా, పూలకుండీలు పేర్చినా, ప్లాస్టిక్ కుర్చీకి తాడు కట్టి అడ్డం పెట్టినా ఆ నేల మీది కాదు. ఈ మాట మీటింగులో చెప్పినందుకు నాతో నెల రోజులు మాట్లాడనివాళ్లున్నారు.

అయితే మీ గేటుకు అడ్డంగా బండి పెట్టే హక్కు కూడా ఎవరికీ లేదు. ఆవరణ ప్రవేశాన్ని మూసేలా పార్క్ చేయకూడదని రోడ్డు నిబంధనల్లోనే ఉంది. గీతలు గీసేటప్పుడే గేటు ముందు చోటు వదిలించుకోండి. గేటు కొలత కన్నా అటో అడుగు ఇటో అడుగు ఎక్కువ అడగండి, లేకపోతే మీ కారు బయటికి తిరగదు. సొంత పార్కింగ్ లేని పాత ఇళ్లవాళ్లకు రాత్రిపూట అనుమతి పాసులు ఇవ్వమని అడగడంలో తప్పులేదు. ఒక ఇంటికి ఒకటే అని పట్టుబట్టండి.

సందులో తోపుడు బండ్లవాళ్లు, ఇస్త్రీ బండి ఉన్నారు. వాళ్లను ఖాళీ చేయించాలా?

ఇష్టం వచ్చినట్టు చేయించలేరు. 2014 వీధి విక్రయదారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి, సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్లను తొలగించకూడదు. చోటు మార్చాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నిర్ణయాలు టౌన్ వెండింగ్ కమిటీ ద్వారా జరగాలి. ఆ కమిటీలో కనీసం 40 శాతం మంది విక్రయదారుల ప్రతినిధులే ఉండాలి. చట్టం సంగతి పక్కనపెట్టినా, ఇరవై ఏళ్లుగా మన చొక్కాలు ఇస్త్రీ చేస్తున్న మనిషిని ఇంకెవరి కారు కోసమో లేపడం ఏం బాగుంటుంది? రెండు స్లాట్లు తగ్గించి పటం గీసుకోండి.

దివ్యాంగులకు చోటు ఎలా?

వాళ్ల స్లాట్ మామూలుదాని కన్నా వెడల్పుగా, 3.6 మీటర్లు ఉండాలి. వీల్‌చెయిర్ దింపడానికి ఆ అదనపు మీటరు. బజారులోకి వెళ్లే దారికి 30 మీటర్ల లోపు పెట్టించండి. చివర్లో మిగిలిన మూల చూపించి ఇదే మీదంటే ఇచ్చినట్టు కాదు.

వసూలు చేసే కుర్రాళ్లు ఎక్కువ అడిగితే, రసీదు ఇవ్వకపోతే?

రేట్ల బోర్డు, కాంట్రాక్టు గడువు తేదీ, ఫిర్యాదు నంబరు తెలుగులో పెద్ద అక్షరాలతో పెట్టాలని టెండరు షరతుల్లోనే రాయించండి. కాంట్రాక్టు ముగిసిపోయినా వసూలు ఆగని చోట్లు నేను చూశాను. బోర్డు మీద తేదీ ఉంటే ఎవరైనా అడగగలరు. యూపీఐ పేమెంట్ ఉంటే ఎన్ని బండ్లు వచ్చాయో లెక్క తేలుతుంది. నగదు ఒక్కటే తీసుకునే చోట చీటీల పుస్తకం ఎప్పుడూ "ఇప్పుడే అయిపోయింది అన్నా".

టైము దాటినా కదలని బండిని ఎవరు తీయాలి?

మీరు తీయకూడదు, కాంట్రాక్టరూ తీయకూడదు. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో 10 గంటలు, అంతకుమించి వదిలేసిన బండిని, లేదా నిషేధించిన చోట పెట్టిన బండిని లాక్కెళ్లమని గానీ చక్రానికి తాళం వేయమని గానీ చెప్పాల్సింది యూనిఫాంలో ఉన్న అధీకృత పోలీసు అధికారి. టోయింగ్ ఖర్చు బండి యజమానిదే. గాలి తీసేయడం, వైపర్లు విరిచేయడం లాంటి వీధి న్యాయం చేస్తే కేసు మీ మీద పడుతుంది.

ఇదంతా ఎందుకు, మల్టీలెవల్ పార్కింగ్ కట్టేస్తే సరిపోదా?

కట్టడానికి నేల, డబ్బు, ఏళ్లు కావాలి. నాంపల్లి మెట్రో స్టేషన్ పక్కన దాదాపు అరెకరంలో 15 అంతస్తుల ఆటోమేటెడ్ పార్కింగ్ భవనం లేచింది. అది లేవడానికి ఎన్నేళ్లు పట్టిందో ఆ దారిన తిరిగేవాళ్లకు తెలుసు. విశాఖలో జగదాంబ సెంటర్ దగ్గర కూడా మల్టీలెవల్ పార్కింగ్ ఉంది. ఇవి కావాలి, కాదనను. కానీ పక్క రోడ్డు మీద ఉచితంగా పెట్టుకోనిస్తుంటే డబ్బు కట్టి పైకి ఎవరు ఎక్కిస్తారు?

అంతకన్నా ముందు ఒక పని ఉంది. బజారులోని ప్రతి కాంప్లెక్సుకు ప్లాను మంజూరు చేసినప్పుడు సెల్లార్‌లో పార్కింగ్ చూపించే ఉంటారు. ఇప్పుడు ఆ సెల్లార్లలో ఏముందో దిగి చూడండి. బట్టల మూటలు, అట్టపెట్టెలు, ఒక జిరాక్స్ షాపు. అవి ఖాళీ చేయిస్తే సందు అడగాల్సిన అవసరం సగం తగ్గుతుంది. మా అర్జీలో ఈ పేరా రాసినందుకు బజారువాళ్లు కొందరు సంతకం పెట్టలేదు.

ఒకసారి పార్కింగ్ చేశాక వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చా?

అందుకే మొదట మూడు నెలల ట్రయల్ అడగండి. రంగుతో గీతలు, ప్లాస్టిక్ కోన్‌లు చాలు. సిమెంటు దిమ్మెలు, ఇనుప గేట్లు అప్పుడే వద్దు. పండగలకు, పెళ్లిళ్లకు, చావుకు ఎన్ని స్లాట్లు ఎంతసేపు మూయాలో కాగితం మీదే రాయించుకోండి. కాంట్రాక్టరుకు ఆ గంటల ఫీజు తగ్గించే షరతు లేకపోతే వినాయకుడి మండపం దగ్గర గొడవ తప్పదు. ట్రయల్ అయ్యాక నోటుబుక్కు మళ్లీ తీయండి, అవే గంటల్లో మళ్లీ నడవండి.

ఇంతకీ మీ సందు ఇప్పుడెలా ఉంది?

ఒక పక్కే గీతలున్నాయి. మొదట్లో బైకులు, తర్వాత కార్లు. పెద్దావిడ గేటు ముందు రెండు స్లాట్ల మేర ఏమీ గీయలేదు. ఒకదాంట్లో ఇస్త్రీ బండి ఉంటుంది, రెండోది ఖాళీ. ఆవిడ నిక్షేపంగా ఉన్నారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఏ కారు ఎన్నింటికి వచ్చిందో, ఏది రెండు గంటలు దాటిందో చెబుతుంటారు. వసూలు చేసే కుర్రాడు తన మిషను చార్జింగ్ అయిపోయినప్పుడు ఆవిడనే అడుగుతాడు.